కళ్లెలో నెత్తురు పడితే మాత్రనొక్కదాన్నే తిట్టకండి

(విశాఖపట్నంలో పెద్దవాళ్ల సంఘం ఒకటి ఏర్పాటు చేసిన సాయంత్రం సమావేశంలో ఒక ఊపిరితిత్తుల వైద్యుడి ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే.

మొదట ఒక చిన్న లెక్క. ఇక్కడ రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్లు చెయ్యెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. ఇప్పుడు ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ మాత్రమే వాడేవాళ్లు దించెయ్యండి. చూశారా, సగం పైన దిగిపోయాయి. అవి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే మందులు, ఎక్కువగా స్టెంటు వేసినవాళ్లకి ఇస్తారు. వాటివల్లా నెత్తురు పడొచ్చు. కానీ ఇవాళ నేను మాట్లాడేది ఇంకా పైకే ఉన్న చేతుల గురించి. అసిట్రోమ్, వార్ఫరిన్, డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్. వీటిలో ఏదో ఒకటి మీ మందుల డబ్బాలో ఉండి ఉంటుంది. ఇక దించండి, చేతులు నొప్పెడతాయి.

ఈ మాత్రలు ఎందుకిస్తారో మీకు తెలిసిందే. గుండెలో మెటల్ వాల్వు పెట్టించుకున్నవాళ్లకి, గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి, కాలి సిరల్లోనో ఊపిరితిత్తిలోనో గడ్డ కట్టినవాళ్లకి. మన ఉత్తరాంధ్రలో మొదటి రకం ఇప్పటికీ చాలామంది. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన రుమాటిక్ జ్వరం, పాతికేళ్లకో ముప్పయ్యేళ్లకో వాల్వు పాడైపోవడం, ఆపరేషను, ఇక జీవితాంతం అసిట్రోమ్. మన పెద్దాసుపత్రి కేజీహెచ్ ఓపీ దగ్గర అరగంట నిలబడితే అలాంటి వాళ్లు ఎంతమందో కనిపిస్తారు.

ఇవి వాడేవాళ్లకి నెత్తురు ఎక్కువగా పోయేది కడుపు, పేగుల నుంచి. అన్నిటికన్నా ప్రమాదం మెదడులో. ఊపిరితిత్తి వీటంత తరచుగా కాదు. అందుకే దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. గుండె డాక్టరు గారు చీటీ రాసేటప్పుడు "నల్లగా విరేచనం అయితే రండి, చిగుళ్ల నుంచి వస్తే రండి" అంటారు. "ఆయాసం వస్తే రండి" అని ఈ కారణంతో చెప్పేవాళ్లు తక్కువ. ఆ తక్కువైన మాట చెప్పడానికే వచ్చాను.

ఊపిరితిత్తి కట్టుబడి కొంచెం వినండి. మన రెండు ఊపిరితిత్తుల్లో 30 నుంచి 50 కోట్ల గాలి గదులు ఉంటాయి. ఒక్కో గదికీ, దాన్ని చుట్టిన సన్నని రక్తనాళానికీ మధ్య గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. అంత పల్చగా ఉంటేనే ఆక్సిజన్ ఇటు నుంచి అటు దూరగలదు. అక్కడ రక్తపోటు చాలా తక్కువ కాబట్టి ఆ గోడ తట్టుకుంటుంది. చేతికి పట్టీ కట్టి చూస్తే 120 ఉండే చోట, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రధాన నాళంలో సగటున 15 లోపే. కానీ ఇంకో రకం నాళాలు కూడా ఉన్నాయి. ఊపిరి గొట్టాలకి తిండి పెట్టే బ్రాంకియల్ ధమనులు. ఇవి నేరుగా పెద్ద ధమని నుంచి చీలుతాయి, కాబట్టి మీ బీపీ ఎంతో అక్కడా అంతే. పాత టీబీ మచ్చ ఉన్నచోట ఈ నాళాలు లావెక్కి, మెలికలు తిరిగి ఉంటాయి. దగ్గితే గ్లాసు నిండా నెత్తురు పడే కేసుల్లో దాదాపు 90 శాతం ఇవి తెగినవే.

ఇప్పుడు అసలు మాట. వానాకాలంలో పెంకుటిల్లు కారుతుంది. కారింది వానకే. కానీ పెంకు పగలగొట్టింది వాన కాదు. ఈ మాత్రలూ అంతే. ఇవి ఊపిరితిత్తికి కన్నం పెట్టవు. ఉన్న కన్నం పూడకుండా చేస్తాయి. మోతాదు బాగా మించిపోయినప్పుడు పైకి ఏ జబ్బూ కనబడకుండా కూడా ఊరొచ్చు, కాదనను. కానీ "రక్తం పలచబడే మందు వాడుతున్నాడు కదా, అందుకే పడింది" అని అక్కడితో ఆగిపోతే, సగం వైద్యం చేయనట్టే.

ఇద్దరి గురించి చెప్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.

మొదటాయన చుట్ట తాగే మనిషి. గుండె లయ తప్పిందని అపిక్సాబాన్ వాడుతున్నారు, మోతాదు సరిగ్గానే ఉంది. ఒకరోజు కళ్లెలో ఎర్ర చార కనబడింది. ఎక్కడో చూపించుకుంటే "మందు వల్ల" అని మాత్ర ఆపించారు. చార ఆగింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎక్స్‌రే లేదు, సీటీ లేదు. కొన్ని నెలలయ్యాక బరువు తగ్గి, గొంతు బొంగురుపోయి మా దగ్గరికి వచ్చారు. సీటీలో క్యాన్సరు గడ్డ, అప్పటికే ఆపరేషను దశ దాటింది. చూడండి, ఆ మాత్ర ఆయనకి నిజానికి మేలే చేసింది. మామూలుగా ఇంకా చాలాకాలం దాక్కునే క్యాన్సరు చేత ముందే నెత్తురు కక్కించింది. మనమే వినిపించుకోలేదు. మూత్రంలో ఎరుపు వచ్చినా, విరేచనంలో వచ్చినా కూడా ఇదే సంగతి. మాత్ర వాడేవాళ్లలో నెత్తురు కనబడితే అక్కడ ఏదో ఉందేమోనని వెతకాలి.

రెండో ఆవిడది శ్రీకాకుళం జిల్లా. మైట్రల్ వాల్వు మార్పించుకుని చాలా ఏళ్లయింది, అసిట్రోమ్ మీద ఉంది. జ్వరం, దగ్గు. ఊళ్లో ఎవరో ఇంజక్షను వేశారు, యాంటీబయాటిక్ ఇచ్చారు, ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ కలిపారు. నోరు చేదుగా ఉండి గంజి తప్ప ఏమీ తినలేదు. అసిట్రోమ్ మాత్రం క్రమం తప్పకుండా వేసుకుంది, పాపం, అదొక్కటీ మానకూడదని ఎవరో గట్టిగా చెప్పారట. ఆయాసం మొదలైంది. ఎక్స్‌రేలో రెండువైపులా తెల్లగా కమ్మేసింది. నిమోనియా అన్నారు. తగ్గకపోతే గుండె వల్ల నీరు చేరిందన్నారు, నీరు పోయే ఇంజక్షన్లు ఇచ్చారు. అదీ పనిచేయలేదు. అన్నిరోజుల్లో ఆవిడ దగ్గితే ఒక్క చుక్క నెత్తురు పడలేదు.

ఇది గుర్తుపెట్టుకోవాలి. గాలి గదుల్లోకి నెత్తురు ఊరే ఈ జబ్బులో, మూడో వంతు మందికి బయటికి ఏమీ పడదు. నెత్తురు లోపలే ఉండిపోతుంది. కనబడేది ఆయాసం, ఎక్స్‌రేలో తెలుపు, ఇంకొకటి: హిమోగ్లోబిన్. ఆవిడకి మునుపు 11 ఉండేది, మా దగ్గరికొచ్చేసరికి 7. విరేచనం మామూలుగానే ఉంది, కడుపు స్కానులో ఏమీ లేదు. మరి ఆ నెత్తురు ఎక్కడికి పోయింది? ఐఎన్ఆర్, అంటే నెత్తురు గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే కొలత, చూస్తే 9 దాటింది. ఆవిడ వాల్వుకి ఉండాల్సింది 2.5 నుంచి 3.5 మధ్య.

విటమిన్ కె సిర ద్వారా ఇచ్చాం. దాని ప్రభావం పూర్తిగా రావడానికి గంటలు పడుతుంది. ఒక్కోసారి ఒకరోజు. అంతసేపు ఆగలేం కాబట్టి పీసీసీ అని, గడ్డ కట్టించే పదార్థాలు చిక్కగా ఉండే ఇంజక్షను ఇచ్చాం. ఇది నిమిషాల్లో పనిచేస్తుంది. దొరకని చోట ప్లాస్మా ఎక్కిస్తారు, కానీ అది లీటర్ల లెక్క, అసలే గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి భారం. తర్వాత బ్రాంకోస్కోపు, అంటే ఊపిరి గొట్టాల్లోకి దూర్చే సన్నని కెమెరా గొట్టం, వేసి సెలైన్‌తో కడిగితే, కడిగిన ప్రతిసారీ నీళ్లు ముందటికన్నా ఎర్రగా వచ్చాయి. గాలి గదుల్లో నెత్తురు ఊరుతోందనడానికి అదే గుర్తు. ఇక కన్నం సంగతి. లూపస్, వాస్క్యులైటిస్ లాంటి, రక్తనాళాల గోడని తినేసే జబ్బుల పరీక్షలు చేయించాం, లేవు. ఎకోలో వాల్వు దగ్గర ఒత్తిడి పెరిగి ఉంది, దానికితోడు జ్వరం తెచ్చిన ఇన్ఫెక్షను. ఆ పల్చని గోడలకి అది చాలు. ఆవిడ కోలుకుంది. నెత్తురు ఆగాక, రక్తం పలచబడే ఇంజక్షను హెపారిన్‌తో మొదలుపెట్టి, మళ్లీ అసిట్రోమ్ మీదికే తెచ్చాం. ఎందుకంటే మెటల్ వాల్వు ఉన్న మనిషికి ఆ మందు పూర్తిగా ఆపేస్తే వాల్వే గడ్డకట్టి బిగుసుకుపోతుంది. ఇటు నుయ్యి, అటు గొయ్యి.

ఇంతకీ ఐఎన్ఆర్ 9 కి ఎలా పోయింది? ఆవిడ మాత్ర ఎక్కువ వేసుకోలేదు. అసిట్రోమ్, వార్ఫరిన్ విటమిన్ కె కి అడ్డుపడి పనిచేస్తాయి. తిండి తగ్గితే విటమిన్ కె తగ్గుతుంది, ఐఎన్ఆర్ పెరుగుతుంది. జ్వరం, విరేచనాలు కూడా పెంచుతాయి. కొన్ని మందులు ఈ మాత్రని కాలేయం విరిచేయకుండా ఆపుతాయి: మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకోనజోల్, గుండె లయకి ఇచ్చే అమియోడరోన్. పారాసెటమాల్ ఒకటో రెండో పర్వాలేదు, రోజుకి నాలుగేసి చొప్పున వారం వేసుకుంటే అదీ పెంచుతుంది. డైక్లోఫెనాక్ దారి వేరు. ఐఎన్ఆర్ పెద్దగా మారకపోయినా ప్లేట్‌లెట్లని మొద్దుబారుస్తుంది, కడుపులో పుండు పెడుతుంది.

మన క్యాలెండరు చూసి ఐఎన్ఆర్ ఊహించొచ్చు అని మా జూనియర్లతో సరదాగా అంటుంటాను. (నవ్వులు) నిజమే అండీ. ఆషాఢం వచ్చిందంటే ఇంటింటా మునగాకు. దాన్నిండా విటమిన్ కె. ఎప్పుడూ తినని మనిషి వారంపాటు రోజూ తింటే ఐఎన్ఆర్ పడిపోతుంది, వాల్వు గడ్డకట్టే భయం. అదే ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ. 32 కిలోమీటర్లు నడిచొచ్చి, కాళ్లు పీకుతున్నాయని మందుల షాపులో అడిగి నొప్పిబిళ్లలు మింగేస్తారు. స్వామి దయవల్ల చాలామందికి ఏమీ కాదు. కార్తీకమాసం వస్తే ఉపవాసాలు, ఒంటిపూట భోజనాలు. ఐఎన్ఆర్ పైకి. వానాకాలంలో డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. 50 వేలకి దిగువన ఉన్నప్పుడు ఈ మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిన విషయం, మీ అంతట మీరు కాదు.

ఆకుకూరలు మానేయమని నేనెప్పుడూ చెప్పను. తోటకూర, పాలకూర, గోంగూర, మీకు అలవాటైనంత తినండి. ఏ వారానికా వారం ఇంచుమించు ఒకే పాళ్లలో ఉండాలి, అంతే. మీ తిండికి తగ్గట్టు మాత్ర మోతాదు మేం సరిచేస్తాం.

టీబీ మందుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది డాక్టర్ల చేతిలోంచి కూడా జారిపోతుంది. రిఫాంపిసిన్ ఈ మాత్రల్ని వేగంగా విరిచేస్తుంది. కాబట్టి టీబీ కోర్సు మొదలైతే ఐఎన్ఆర్ పడిపోతుంది, అసిట్రోమ్ మోతాదు పెంచుతూ పోతాం. ఒక్కోసారి రెండింతలు, అంతకన్నా ఎక్కువ. ఆరు నెలలకి టీబీ కోర్సు అయిపోతుంది. అందరూ సంతోషిస్తారు, టీబీ సెంటరు వాళ్లు కార్డు మూసేస్తారు. పెంచిన అసిట్రోమ్ మాత్రం అలాగే ఉంటుంది! తర్వాతి రెండు మూడు వారాల్లో ఐఎన్ఆర్ నిచ్చెనెక్కుతుంది. ఊపిరితిత్తిలో చూస్తే టీబీ వదిలిపోయిన గుంత, దాని గోడలో లావెక్కిన నాళాలు. కొందరికి ఆ గుంతలో ఫంగస్ ఉండలా పెరుగుతుంది. ఇంతకన్నా చెడ్డ కలయిక నాకు తెలీదు. కోర్సు ముగిసిన వారం నుంచే ఐఎన్ఆర్ తరచుగా చేయించుకోవాలి, మోతాదు దించుకుంటూ రావాలి. కొత్త మాత్రలైన అపిక్సాబాన్, రివరోక్సాబాన్ అయితే రిఫాంపిసిన్‌తో అసలు కలపకపోవడమే మంచిది.

కొత్త మాత్రల గురించి రెండు ముక్కలు. మెదడులో నెత్తురు కారడం వీటితో వార్ఫరిన్ కన్నా తక్కువ. తిండితో గొడవ లేదు. అయితే మెటల్ వాల్వు ఉన్నవాళ్లకి పనికిరావు. రుమాటిక్ వాల్వు జబ్బుతో లయ తప్పినవాళ్లలో కూడా పాత మందే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. ఖర్చు పెట్టగలిగాం కదా అని మార్పించుకోకండి. ఇంకొకటి, కిడ్నీలు. డాబిగాట్రాన్ సుమారు 80 శాతం కిడ్నీల ద్వారానే పోతుంది. రివరోక్సాబాన్ మూడో వంతు, అపిక్సాబాన్ పావు వంతు. ఉద్దానం నుంచి, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చేవాళ్లకి ఈ మాత్ర రాసే ముందు క్రియాటినిన్ చూడకపోవడం ఘోరం. అక్కడ పైకి ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు. రాసేముందు ఒక్కసారి కాదు, కనీసం ఏటా చూడాలి.

కళ్లెలో నెత్తురు కనబడితే ఏం చేయాలి? చార అయినా సరే ఆరోజే చూపించుకోండి. పావు గ్లాసు, అర గ్లాసు పడితే 108. ఎటువైపు ఊపిరితిత్తిలో జబ్బుందో ముందే తెలిస్తే ఆ వైపుకి తిరిగి పడుకోబెట్టండి, మంచి ఊపిరితిత్తి పైన ఉండాలి. చాలామంది తప్పుగా, మంచి వైపుకి పడుకోబెడతారు. నెత్తురు జారి మంచిదాంట్లోకి పోతుంది. ఈ జబ్బులో మనిషి పోయేది నెత్తురు తగ్గి కాదు, ఊపిరి ఆడక. మన ఊపిరి గొట్టాలన్నిటిలో పట్టేది 150 మిల్లీలీటర్లే. మాత్రల స్ట్రిప్పులు సంచిలో వేసుకోండి. ఆఖరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో కాగితం మీద రాసుకోండి. కొత్త మాత్రలకి ఆ టైము తెలిస్తే మాకు సగం పని అయినట్టే. డాబిగాట్రాన్‌కి విరుగుడు ఇంజక్షను వేరే ఉంది. మిగతావాటికి పీసీసీ వాడతాం. నెత్తురు ఆగకపోతే తొడ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పోనిచ్చి, తెగిన బ్రాంకియల్ ధమనిని లోపలినుంచే మూసేస్తారు. 1970ల నుంచీ ఉన్న పద్ధతి అది, ఇప్పుడు మన ఊళ్లోనూ చేస్తున్నారు.

ఇక మీరడగండి.

ప్రశ్న: డాక్టరు గారూ, ఈ వార్ఫరిన్ ఎలుకల మందట కదా. మా అబ్బాయి ఫోనులో చూపించాడు. అప్పటినుంచి వేసుకోబుద్ధి కావట్లేదు.

నిజమే మాస్టారూ, ఎలుకల మందే. 1920లలో అమెరికా, కెనడాల్లో బూజు పట్టిన క్లోవర్ గడ్డి తిన్న పశువులు నెత్తురు కారి చచ్చిపోయాయి. 1933లో ఒక రైతు గడ్డకట్టని నెత్తురు క్యానుతో విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త దగ్గరికి వెళ్లాడు. ఆ పరిశోధన నుంచే ఈ మందు పుట్టింది. 1948లో ఎలుకలకి, 1954లో మనుషులకి. ఆ మరుసటేడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వస్తే ఇదే ఇచ్చారు. ఎలుకకి మోతాదు చూసేవాళ్లు లేరు, మీకు ఐఎన్ఆర్ ఉంది. ఎన్నాళ్లయింది మానేసి?

(శ్రోత: పూర్తిగా మానలేదండీ, రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను.)

అలా చేస్తే రెండు వైపులా నష్టమే. రేపు పరీక్ష చేయించుకుని మీ గుండె డాక్టరు గారిని కలవండి, నా పేరు చెప్పి తిట్టించుకున్నా పర్వాలేదు. (నవ్వులు)

ప్రశ్న: మావారు రివరోక్సాబాన్ వాడుతున్నారు. నెలనెలా ఐఎన్ఆర్ చేయిస్తున్నాం, 1.2 దాటట్లేదు. డోసు పెంచమందామా?

వద్దమ్మా, వద్దు. ఐఎన్ఆర్ అసిట్రోమ్‌కి, వార్ఫరిన్‌కి కొలత. రివరోక్సాబాన్ బాగా పనిచేస్తున్నా అది 1.2 చూపించొచ్చు. డబ్బులు దండగ. ఆ డబ్బుతో ఆరునెలలకోసారి హిమోగ్లోబిన్, క్రియాటినిన్ చేయించండి.

ప్రశ్న: ఊపిరితిత్తిలో గడ్డ కట్టినా కళ్లెలో నెత్తురు వస్తుందంటారు. మరప్పుడు?

మంచి ప్రశ్న. అప్పుడు ఆ నెత్తురు ఆపడానికి ఇచ్చేది ఈ రక్తం పలచబడే మందే! గడ్డ అడ్డుపడి ఊపిరితిత్తి ముక్క చచ్చుబడింది కాబట్టి నెత్తురు వచ్చింది. అందుకే కారణం తెలియకుండా మాత్ర ఆపమన్నా, వేసుకోమన్నా రెండూ ఒకలాంటి తప్పులే అవుతాయి.

ప్రశ్న: మా అత్తగారికి టీబీ మందులు మొదలుపెట్టి రెండు నెలలు. కళ్లె ఎర్రగా పడుతోంది. మందు రంగే అన్నారు పక్కింటివాళ్లు.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం, కన్నీళ్లు, కళ్లె నారింజ రంగులోకి వస్తాయి, అది నిజం. తెల్ల గుడ్డ మీద ఉమ్మించి చూడండి. అంతటా ఒకేలా నారింజ రంగు ఉంటే మందు రంగు కావచ్చు. చారలుగానో, నురగతోనో, చిన్న గడ్డలుగానో ఉంటే నెత్తురు. ఆవిడ రక్తం పలచబడే మాత్ర ఏదైనా వాడుతున్నారా?

(శ్రోత: వాల్వు ఆపరేషను అయిందండీ. అసిట్రోమ్. పోయిన నెలే డోసు పెంచారు.)

పెంచాక ఐఎన్ఆర్ చేయించారా?

(శ్రోత: ఇంకా లేదండీ. వచ్చే వారం వెళ్దామనుకుంటున్నాం.)

వచ్చే వారం దాకా ఆగొద్దమ్మా. ఇప్పుడు ఏడున్నరయింది. మీటింగు పూర్తయ్యేదాకా కూడా కూర్చోవద్దు, బయల్దేరండి. ఎమర్జెన్సీలో ఐఎన్ఆర్, హిమోగ్లోబిన్, ఒక ఎక్స్‌రే, మూడూ ఈ రాత్రికే చేయించండి. ఈ రాత్రి అసిట్రోమ్ వేయాలా వద్దా అన్నది ఆ రిపోర్టు చూసి అక్కడి డాక్టరు గారు చెప్తారు. టీబీ కార్డు కూడా పట్టుకెళ్లండి. బాబూ, ఆవిడకి కాస్త దారివ్వండి.